అర్ధరాత్రి దాటాక అడిగిన ప్రశ్న

ఎన్నికల ప్రసంగాల ఆయుష్షు ఎన్నికల దాకానే. ఓట్ల లెక్కింపు అయిన మర్నాడు వాటిని తిరగేసే ఓపిక ఎవరికీ ఉండదు, ఆ అవసరమూ రాదు. అరవై ఏళ్లు దాటినా పాతబడని ఒక ప్రసంగం గురించి నాలుగు మాటలు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. దాని నిడివి మహా అయితే మూడు నిమిషాలు. 1960 అక్టోబరు 14న, తెల్లవారుజాము రెండు గంటల వేళ, అమెరికాలోని ఆన్ ఆర్బర్ అనే ఊళ్లో, మిషిగన్ విశ్వవిద్యాలయంలోని మిషిగన్ యూనియన్ భవనం మెట్ల మీద నిలబడి డెమొక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి జాన్ ఎఫ్. కెనడీ మాట్లాడిన మాటలవి.

చదువు గురించి, దేశాన్ని నడిపించడం గురించి ఒక అభ్యర్థి ఇంత తక్కువలో ఇంత గట్టిగా చెప్పిన సందర్భం నాకు మరొకటి తెలియదు. ఉపన్యాస కళ నేర్చుకోవాలనుకునే పిల్లలకు నేను ముందుగా వినిపించేది ఈ రికార్డింగే. అందులో గొంతు అలసటతో కాస్త గరుకుగా ఉంటుంది. జనం కేకలు మధ్యమధ్య మాటల్ని మింగేస్తుంటాయి. కొన్ని వాక్యాలు తడబడతాయి కూడా. అయినా దాని కట్టుబడి ఎంత బలమైనదో వినేకొద్దీ తెలుస్తుంది.

ముందు ఆ రాత్రి సంగతి చెప్పాలి. అక్టోబరు 13న కెనడీకీ, రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్‌కూ మధ్య మూడో టెలివిజన్ చర్చ జరిగింది. నిక్సన్ లాస్ ఏంజెలెస్‌లో, కెనడీ న్యూయార్క్‌లో. ఖండానికి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూర్చుని వాదించుకున్నారు. గడిచిన యాభై ఏళ్లలో దేశాన్ని యుద్ధాల్లోకి దింపిన అధ్యక్షులు ముగ్గురూ డెమొక్రాట్లేనని నిక్సన్ ఆ చర్చలో ఎత్తిపొడిచాడు. చర్చ ముగియగానే కెనడీ విమానమెక్కి మిషిగన్‌లోని విల్లో రన్ విమానాశ్రయంలో దిగాడు. మర్నాడు రైల్లో రాష్ట్రమంతా తిరగాలి. ఆన్ ఆర్బర్ వచ్చింది కాస్త కన్ను మూయడానికే. ప్రసంగం కార్యక్రమంలో లేదు. తీరా చూస్తే యూనియన్ భవనం ముందు దాదాపు పదివేల మంది విద్యార్థులు, అక్టోబరు చలిలో, గంటల తరబడి ఎదురుచూస్తూ నిలబడి ఉన్నారు. నలభైమూడేళ్ల అభ్యర్థి మెట్ల మీద మైకు ముందు నిలబడ్డాడు. చేతిలో రాసుకొచ్చిన కాగితం లేదు.

ఆ పదివేల మందిలో చాలామందికి ఓటే లేదు. అప్పటికి అక్కడ ఓటు వయసు ఇరవై ఒకటి. దాన్ని దేశమంతటా పద్దెనిమిదికి తగ్గించిన రాజ్యాంగ సవరణ 1971లో గానీ రాలేదు. ఎన్నికలకు నాలుగు వారాలు కూడా లేవు. నిద్రకు ముఖం వాచిన మనిషి, ఓటు లేని కుర్రకారు, వేళ కాని వేళ. ఇలాంటి చోట ఏ అభ్యర్థయినా చెయ్యి ఊపి, రెండు మాటలతో నవ్వించి లోపలికి వెళ్లిపోతాడు. కెనడీ కూడా నవ్వించే మొదలుపెట్టాడు. తాను తూర్పు తీరపు మిషిగన్‌లో, అంటే హార్వర్డ్‌లో, చదువుకున్నవాణ్ణని చెప్పుకున్నాడు. అంతవరకూ మిషిగన్ వాళ్లు తమ విశ్వవిద్యాలయాన్ని హార్వర్డ్‌తో పోల్చుకుని మురిసిపోయేవాళ్లు. ఆయన ఆ పోలికను తలకిందులు చేసి, హార్వర్డ్‌నే మిషిగన్‌తో పోల్చాడు. అతిథి వచ్చి గృహస్థును పీట మీద కూర్చోబెట్టి తాను కింద కూర్చోవడం లాంటిది ఇది. ఒక్క వాక్యంతో ఆ మెట్లు వేదిక కాకుండా పోయాయి, అరుగు అయిపోయాయి.

ఆ తర్వాతి రెండు మూడు వాక్యాలు మామూలువే. 1933 తర్వాత ఇంత ముఖ్యమైన ఎన్నికల ప్రచారం రాలేదన్నాడు. నిజానికి రూజ్‌వెల్ట్ ప్రచారం చేసి గెలిచింది 1932లో, పదవిలోకి వచ్చింది 1933లో. ఆశువుగా మాట్లాడుతున్నాడనడానికి ఆ చిన్న పొరపాటే సాక్ష్యం. అధ్యక్షుడి విచక్షణ, పాలకవర్గపు చురుకుదనం, కాంగ్రెస్ సహకారం, ఈ మూడూ కలిస్తేనే రాబోయే దశాబ్దపు అవకాశాన్ని అందిపుచ్చుకోగలమన్నాడు. పౌరశాస్త్రం పుస్తకంలోని వాక్యంలా ఉంటుంది ఇది. మొదటిసారి విన్నప్పుడు నాకు చప్పగానే తోచింది. తర్వాత వినగా వినగా దాని పని ఏమిటో అర్థమైంది. దేశాన్ని నడిపే శక్తులను వరసగా మూడింటిని పేరుపెట్టి పిలిచాడు. మూడూ వాషింగ్టన్‌లో ఉండేవే. ఆ మరుక్షణం వాషింగ్టన్‌ను అక్కడే వదిలేసి ఎదురుగా ఉన్నవాళ్ల వైపు తిరిగాడు. ఇక్కడ మొదలవుతుంది అసలు పనితనం.

మీలో డాక్టర్లు కాబోతున్నవాళ్లలో ఎంతమంది ఘనాలో మీ రోజులు గడపడానికి సిద్ధంగా ఉన్నారు? సాంకేతిక నిపుణులు, ఇంజనీర్లు, మీలో ఎంతమంది విదేశాంగ సేవలో చేరి ప్రపంచమంతా తిరుగుతూ మీ జీవితాలు గడపగలరు? ఆయన అడిగిన దాని సారాంశం ఇదే. ఏడాదికో రెండేళ్లకో కాదు, మీ జీవితంలో కొంత భాగాన్ని ఈ దేశానికి ఇవ్వడానికి మీరు ఎంత సిద్ధమో దాని మీదే ఒక స్వేచ్ఛా సమాజం పోటీలో నిలబడగలదా లేదా అన్నది తేలుతుందన్నాడు.

మా తరగతిలో ఒకసారి ఈ ప్రశ్నను తెలుగులో చెప్పమని పిల్లల్ని అడిగాను. ముందు లేచిన కుర్రాడు 'మీలో ఘనా వెళ్లేవాళ్లు ఎవరైనా ఉన్నారా?' అన్నాడు. వెనక బెంచీలో ఒకమ్మాయి వెంటనే సరిదిద్దింది: 'ఉన్నారా అనలేదు సార్, ఎంతమంది అన్నాడు.' ఆ రోజు పాఠం చెప్పింది ఆ అమ్మాయే. 'ఉన్నారా' అంటే తల దించుకుని ఊరుకోవచ్చు. ఎవరూ లేరన్నదీ దానికి జవాబే. 'ఎంతమంది' అనడంలో, ఉన్నారన్న నమ్మకం ముందే ఉంది, తేలాల్సింది లెక్క ఒక్కటే. అడిగిన మనిషి మన మీద అంత నమ్మకం పెట్టుకున్నాక ఆ లెక్కలోకి రాకుండా ఉండటం కష్టం. ఆ ఒక్క పదంతో కెనడీ పదివేల మందిని గుంపులోంచి విడదీసి ఒక్కొక్కరిగా నిలబెట్టాడు.

మరో సంగతి కూడా వినాలి. మొదటి ప్రశ్నలో రోజులు అడిగాడు. రెండో ప్రశ్నకు జీవితాలు అడిగాడు. మూడో మెట్టు మీద మళ్లీ కాస్త తగ్గి, జీవితంలో ఒక భాగం అన్నాడు. బేరం తెలిసిన వ్యాపారి ధర పెంచి తగ్గించినట్టు పైకి కనిపిస్తుంది గానీ, ఆ గొంతులో బేరం ధ్వనించదు. ఎంత అడగవచ్చో తనకే ఇంకా తెలియని మనిషి, నడుస్తూ నడుస్తూ కొలత పట్టుకుంటున్నాడు అనిపిస్తుంది. ఆశువు అందం అదే. రాసుకొచ్చిన ఉపన్యాసంలో ఈ మూడు కొలతలూ ఒకే కొలతగా ఇస్త్రీ అయిపోయేవి.

ఘనా అనే పేరు ఎంచుకోవడం కూడా ఊరికే జరగలేదు. 1957 మార్చిలో బ్రిటిష్ పాలన నుంచి బయటపడిన దేశం అది. ఆయన మాట్లాడుతున్న 1960లో ఒక్క ఏడాదిలోనే ఆఫ్రికాలో పదిహేడు దేశాలు స్వతంత్రమయ్యాయి. ఆఫ్రికా అనో పేద దేశాలు అనో అని ఉంటే అందరూ తలూపి ఊరుకునేవారు. పటంలో వేలు పెట్టి చూపగల దేశం పేరు చెప్పేసరికి అక్కడున్న వైద్య విద్యార్థికి టికెట్టు, సామాను, ఇంట్లో అమ్మకు చెప్పాల్సిన మాట, అన్నీ కళ్లముందు కదిలి ఉంటాయి. మన పెద్దలు పెళ్లి మాటలప్పుడు 'మంచి సంబంధం' అని ఊరుకోరు, ఊరి పేరు, ఇంటి పేరు చెప్తారు. మాటకు నమ్మకం కలిగేది అక్కడే.

ఈ ప్రశ్నల విలువ తెలియాలంటే అదే కెనడీ అదే ప్రచారంలో చదువు గురించి మరోచోట ఎలా మాట్లాడాడో చూడాలి. సెప్టెంబరు 26న జరిగిన మొదటి టెలివిజన్ చర్చలో కూడా ఆయన చదువు మాట ఎత్తాడు. సోవియట్ యూనియన్ మనకు రెట్టింపు మంది శాస్త్రవేత్తలను, ఇంజనీర్లను తయారుచేస్తోందన్నాడు. ఉపాధ్యాయులకు చాలినంత జీతాలు రావడం లేదన్నాడు. నల్లజాతి ఇంట పుట్టిన బిడ్డకు హైస్కూలు పూర్తిచేసే అవకాశం తెల్లజాతి బిడ్డకున్న దానిలో సగమేనన్నాడు. ఇవన్నీ చెప్పాల్సిన మాటలే, చివరిదైతే చాలా ధైర్యంగా చెప్పిన మాట. 1957లో సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరినప్పటి నుంచి అమెరికాలో చదువంటే రష్యాతో పందెం. మరుసటి ఏడాది వచ్చిన విద్యా చట్టానికి జాతీయ రక్షణ విద్యా చట్టం అని పేరు పెట్టుకున్నారు. చదువు పక్కన రక్షణ అన్న మాట చేరిందంటేనే దేశం ఏ మనఃస్థితిలో ఉందో ఊహించవచ్చు. టీవీలో చదువు లెక్కల్లోకి వచ్చింది: ఎంతమంది ఇంజనీర్లు, ఎన్ని తరగతి గదులు, ఎంత జీతం. ఆ లెక్కల్లో విద్యార్థి ఒక అంకె. ఆన్ ఆర్బర్ మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ అంకెలు ఎదురుగా నిలబడి ఉన్నాయి, చలికి చేతులు రుద్దుకుంటూ. వాళ్లకు లెక్క చెప్పలేదు కెనడీ. మీరు చదివిన చదువును ఏం చేయబోతున్నారని అడిగాడు.

పోటీ అన్న మాట మాత్రం ఇక్కడా వదల్లేదు. స్వేచ్ఛా సమాజం పోటీలో నిలబడగలదా అన్నప్పుడు ఆ పోటీ ఎవరితోనో అందరికీ తెలుసు. ఘనా ప్రజల అవసరం కంటే అమెరికా బలమే ఆ వాక్యంలో ముందు నిలబడింది. ఈ ప్రసంగాన్ని నేనెంత ఇష్టపడినా ఆ చోట ప్రతిసారీ కాస్త ఆగుతాను. ఘనా డాక్టరు కోసం అడుగుతున్నాడా, అమెరికా పరపతి కోసం అడుగుతున్నాడా? రెండూ కలిసే ఉన్నాయి. శీతల యుద్ధం నడుస్తున్న కాలపు అభ్యర్థి నోట ఆ రెండూ విడిగా వినిపించాలని కోరుకోవడం అన్యాయమే. అయినా ఆ ముడి కనిపించిందని చెప్పడం విమర్శకుడి బాధ్యత.

ఆ తర్వాత మళ్లీ గొంతు తేలికవుతుంది. ఇక్కడికి పడుకోవడానికే వచ్చానని ఒప్పుకున్నాడు. తాను చేసిన పొట్టి ఉపన్యాసాల్లో ఇదే పొడుగైనదని నవ్వించి, ముగించేస్తానన్నాడు. జనం నవ్వారు. నవ్వు సద్దుమణుగుతుండగానే ప్రసంగం మొత్తంలో బరువైన వాక్యాన్ని అక్కడ పెట్టాడు. ఈ విశ్వవిద్యాలయాన్ని దాని పూర్వ విద్యార్థులూ, ఈ రాష్ట్రమూ పోషిస్తున్నది ఇక్కడ చదివినవాళ్లకు బతుకు పోరాటంలో డబ్బు పరంగా పైచేయి ఇవ్వడానికి మాత్రమే కాదు, అంతకంటే పెద్ద ప్రయోజనం ఉంది, అది మీకూ తెలుసు. దాని తాత్పర్యం ఇది. ఇందులో 'మీకూ తెలుసు' అన్న ముక్కను గమనించండి. నీతి బోధించే గొంతు అయితే 'మీరు తెలుసుకోవాలి' అంటుంది. ఆయన వాళ్లకు పాఠం చెప్పలేదు, వాళ్ల లోపల ఉన్నదాన్ని వాళ్లకు గుర్తుచేశాడు.

పిల్లవాడి ర్యాంకు వీధిలో ఫ్లెక్సీ కట్టి చెప్పుకునే చోట బతుకుతున్న మనకు ఈ వాక్యం సూటిగా తగులుతుంది. మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాలూ జనం పన్నుల సొమ్ముతో నడిచేవే. అక్కడ చదివి బయటికొచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి. నా ఫీజు పోను నా చదువుకు అయిన మిగతా ఖర్చు ఎవరిచ్చారన్న ఆలోచన ఆ రోజుల్లో నాకు ఒక్కసారి కూడా రాలేదు. అడిగినవాళ్లూ లేరు.

చివరి రెండు వాక్యాల కూర్పు నాకు మరీ ఇష్టం. ఈ ప్రచారంలో మీ మద్దతు అడుగుతున్నందుకు నేనేమీ మొహమాటపడటం లేదన్నాడు. ఇక్కడ ఆపితే అది ఓట్ల అభ్యర్థనే. వెంటనే అదే 'మద్దతు' అన్న మాటను మళ్లీ తీసుకుని, రాబోయే పదేళ్లకు ఈ దేశానికి మీ మద్దతు అడుగుతున్నానన్నాడు. మాట మారలేదు, దాని ముందున్నది మారింది. ప్రచారం ఉన్నచోట దేశం వచ్చింది, మూడు వారాల చోట పదేళ్లు వచ్చాయి. ఓటు లేని కుర్రాడు కూడా ఇవ్వగలిగిన మద్దతు అది. ఆ మాటతో మైకు వదిలేశాడు.

మన అవధానంలో పృచ్ఛకుడు అడుగుతాడు, అవధాని పూరిస్తాడు. ఎన్నికల సభల్లోనూ అంతే: జనం అడుగుతారు, అభ్యర్థి ఇస్తానంటాడు. ఆ రాత్రి అభ్యర్థే పృచ్ఛకుడయ్యాడు. ఇస్తానన్నది ఒక్కటీ లేదు ఆ మూడు నిమిషాల్లో. పథకం పేరు లేదు, పద్దు లేదు, ఫలానా తేదీకి ఫలానాది చేస్తానన్న మాట లేదు. ఇప్పుడు ఆ మెట్ల దగ్గర ఒక ఫలకం ఉంది. అమెరికా యువతను విదేశాలకు సేవకు పంపే పీస్ కోర్ అనే సంస్థ ఏమిటో కెనడీ మొదటిసారి నిర్వచించింది ఇక్కడేనని దాని మీద రాసి ఉంది. ఆ రాతతో నేను ఏకీభవించలేను. పీస్ కోర్ అన్న మాటే ఆయన నోట ఆ రాత్రి రాలేదు. యువతను విదేశాలకు సేవకు పంపాలన్న ఆలోచన కూడా ఆయన సొంతం కాదు. సెనేటర్ హ్యూబర్ట్ హంఫ్రీ ఆ ఏడాది వేసవిలోనే దాని మీద బిల్లు పెట్టాడు, కాంగ్రెస్ సభ్యుడు హెన్రీ రాయిస్ అంతకు ముందే ఆ మాట ఎత్తాడు. ఆలోచన సభల్లో, కాగితాల్లో తిరుగుతోంది. దాన్ని వెళ్లాల్సినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లి, వాళ్లనే అడిగినవాడు కెనడీ. ఫలకం మీద నిర్వచించాడు అనే చోట అడిగాడు అని ఉంటే నిజానికి దగ్గరగా ఉండేది.

పూరణ విద్యార్థుల నుంచే వచ్చింది. అలన్, జుడీ గస్కిన్ అనే విద్యార్థి దంపతులు విశ్వవిద్యాలయ పత్రిక మిషిగన్ డెయిలీకి ఉత్తరం రాశారు: మేం వెళ్లడానికి సిద్ధం, మాతో వచ్చేవాళ్లు చెప్పండి అని. ఒక సంఘం ఏర్పడింది, సంతకాల సేకరణ మొదలైంది, వందలాది మంది సంతకాలు చేశారు. ఆ సంగతి కెనడీ మనుషుల చెవిన పడింది. నవంబరు 2న శాన్‌ఫ్రాన్సిస్కోలోని కౌ ప్యాలెస్‌లో చేసిన పెద్ద ప్రసంగంలో కెనడీ మొదటిసారి పీస్ కోర్ పేరు చెప్పి, దాన్ని తన ప్రతిపాదనగా ప్రకటించాడు. అడిగింది అక్టోబరులో, వాగ్దానం నవంబరులో. మధ్యలో జవాబు ఉంది. ఎన్నికల ప్రచారంలో ఈ వరస ఎంత అరుదో ఆలోచించండి.

పోలింగుకు రెండు రోజుల ముందు, నవంబరు 6న, ఒహాయో రాష్ట్రంలోని టొలీడో విమానాశ్రయంలో ఆ విద్యార్థులు కెనడీని కలిశారు. సంతకాల కాగితాలు ఆయన చేతికిచ్చారు. ఆయన వాటిని తీసుకుని కారులో పెట్టబోతుండగా వాళ్ల ముఖాలు పాలిపోయాయి. ఆ పేర్లకు, చిరునామాలకు వేరే నకలు లేదు. అవి పోతే ఎవరెవరు వస్తామన్నారో వాళ్లకే తెలియదు. అది గమనించి, ఇవి మీకు మళ్లీ కావాలి కదూ అని ఆయనే తిరిగి ఇచ్చేశాడట. ఈ చిన్న సంఘటన నాకు ఆ మూడు నిమిషాల ప్రసంగానికి కొనసాగింపులా కనిపిస్తుంది. అడిగినవాడికి కావలసింది జవాబు, అది అందింది. పేర్లు మాత్రం ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి.

దాదాపు ఆరు కోట్ల ఎనభై ఎనిమిది లక్షల ఓట్లలో లక్ష చిల్లర ఓట్ల తేడాతో కెనడీ గెలిచాడు. 1961 జనవరి 20న పదవీ స్వీకార ప్రసంగంలో, దేశం మీకేం చేస్తుందని కాక మీరు దేశానికేం చేయగలరని అడగండి అన్న మాట అన్నాడు. ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్నది దాన్నే. అది చెక్కిన శిల్పం. ఆన్ ఆర్బర్‌లోది ఇంకా ఉలి దెబ్బలు కనిపిస్తున్న రాయి. ఏది గొప్పదని అడిగితే నేను రెండో దాని వైపే ఉంటాను, ఎందుకంటే అక్కడ అడగమని చెప్పలేదు, అడిగేశాడు. మార్చి 1న కార్యనిర్వాహక ఉత్తర్వుతో పీస్ కోర్ ఏర్పడింది. దాని బాధ్యత సార్జెంట్ శ్రైవర్ తీసుకున్నాడు. ఆ యువకులు మన దేశానికీ వచ్చారు. 1961 చివర పంజాబ్‌తో మొదలుపెట్టి, ఆ దశాబ్దంలో ఆంధ్రప్రదేశ్ పల్లెల దాకా వచ్చి, కోళ్ల పెంపకం వంటి పనుల్లో రైతులతో కలిసి పనిచేశారు. తెలుగు నేర్చుకుని మాట్లాడినవాళ్లు వాళ్లలో ఉన్నారు. గస్కిన్ దంపతులు థాయ్‌లాండ్ వెళ్లారు.

ఘనాకు మొదటి బృందం వెళ్లింది. 1961 ఆగస్టు 30న 51 మంది అక్రా విమానాశ్రయంలో దిగారు. కెనడీ అడిగింది డాక్టర్లను. వచ్చినవాళ్లు బడిపంతుళ్లు. విమానం దిగి వరసగా నిలబడి, స్వాగతం చెప్పడానికి వచ్చినవాళ్ల ముందు, అక్కడి ట్వీ భాషలో నేర్చుకొచ్చిన పాట ఒకటి పాడారు.